నాది కాని రివిట్

రాణిగంజ్‌లో రివిట్లు కొనడానికి వెళ్లినప్పుడల్లా నా చొక్కా జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. రాగివని చెప్పి దుకాణంలో పొట్లం విప్పగానే దాన్ని బయటికి తీసి ఆనిస్తాను. అతుక్కుంటే లోపల ఇనుము, పైన రాగి పూత. అసలు రాగి అయితే అయస్కాంతాన్ని పట్టించుకోదు. ఈ పరీక్ష వల్ల దుకాణాల వాళ్లకు నేనంటే పడదు. ఒకసారి గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన, పెళ్లిచూపులకు కూడా అయస్కాంతం పట్టుకునే పోయావా అని అడిగాడు. నాకు పెళ్లే కాలేదని చెప్పాను. ఇప్పుడు అర్థమైందన్నాడు.

అనుమానం నాకో రోగమని మా చర్చిలో అందరూ అంటారు. రోగం కాదు, అది నా పని. స్క్రూ బిగించేవాడు పొరపాటు చేస్తే వెనక్కి తిప్పి తీసుకోవచ్చు. రివిట్‌కు ఆ వెసులుబాటు లేదు. రెండు ముక్కల్లోంచి కాడ దూర్చి, బయటికి వచ్చిన కొసను సుత్తితో కొట్టి తల చేశాక, అది మళ్లీ రావాలంటే డ్రిల్లు పెట్టి చంపాల్సిందే. కాబట్టి అనుమానం ఏదైనా ఉంటే కొట్టకముందే పడాలి. కాడ పొట్టిదైతే తల సరిగా కూర్చోదు. పొడుగుదైతే పక్కకు వంగుతుంది. రంధ్రం వదులైతే పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపల రోజూ కొంచెం కొంచెం కదులుతూనే ఉంటుంది.

దేనికి ఏది వేయాలన్నది ఇంకో గొడవ. అల్యూమినియం రేకుకు అల్యూమినియందే వేయాలి, ఇనుప రేకుకు ఇనుముది. కూలర్ డబ్బాలకు తేలిగ్గా నలుగుతుందని అల్యూమినియం రివిట్లు కొట్టేసేవాళ్లు ఉన్నారు. తడిలో ఇనుము పక్కన అల్యూమినియం బతకదు, తెల్లటి పొడిగా రాలిపోతుంది. తోలుకు రాగి, దాని వెనక వాషరు. వాషరు లేకపోతే తల తోలును చీల్చుకుని బయటికి వచ్చేస్తుంది. ప్లాస్టిక్ సూట్‌కేసుకు గట్టి దెబ్బ పనికిరాదు, పగులుతుంది. దానికి వెడల్పు తల ఉన్న మెత్తటిది కావాలి. లోపలి వైపు చెయ్యి దూరని చోట గన్నుతో కొట్టే పాప్ రివిట్ తప్ప గతి లేదు. ఇప్పుడు అందరూ అన్నిటికీ అదే కొడుతున్నారు, టక్కుమని అయిపోతుందని. అది లోపల బోలు. లోపల బోలుగా ఉన్నదాన్ని నేను నమ్మను, రివిట్‌నైనా మనిషినైనా.

మా కొట్టు చిలకలగూడలో, మా ఇంటి ముందు గదే. రైలు పెట్టెల కార్ఖానాలో పని చేసి వచ్చిన మా నాయన పెట్టింది. ఆయన రోజుల్లో ట్రంకు పెట్టెలు, పరుపు చుట్టి పెట్టే హోల్డాళ్లు వచ్చేవి. ఇప్పుడు చక్రాల బ్యాగులు, స్కూలు సంచులు, గిటార్ పట్టీలు వస్తున్నాయి. వీటన్నిటి వెనక గోడకు ఒక మేకు ఉంటుంది. దానికి తగిలించే వస్తువు ఒక్కటే, మా చెల్లెలి కాలికి తొడిగే క్యాలిపర్.

ఆమెకు నడక వచ్చే వయసులో పోలియో తగిలింది. ఎడమ కాలు సన్నగా ఉండిపోయింది. తొడ నుంచి బూటు దాకా రెండు ఇనుప కమ్మీలు, మోకాలి దగ్గర మడిచే కీలు, తొడకూ పిక్కకూ తోలు పట్టీలు. అది ఉంటేనే ఆమె ఏదీ పట్టుకోకుండా నిలబడుతుంది. మెట్ల మీద ఉండగా తొడ పట్టీ రివిట్ ఊడిందంటే మోకాలు మడుచుకుపోయి ముందుకు పడుతుంది. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చాయి, తేలిగ్గా ఉంటాయంటారు. వాటిలో కాలికి చెమట పడుతుందని ఆమె వద్దంది. నాయన పోయినప్పటి నుంచి ఆ ఇనుమును నేనే చూసుకుంటున్నాను. ఇంకొకరి సుత్తి దాని మీద పడనివ్వలేదు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది, నేను కొట్టులో కూర్చుంటాను. ఆ కాలు పడిపోకుండా నిలబెట్టడం నా బతుకులో నేను చేసిన గట్టి పని అని నాకు గర్వంగా ఉండేది.

శనివారం సాయంత్రం మా ఇంట్లో ఆదివారం మొదలవుతుంది. తెల్ల బట్టలకు ఇస్త్రీ, బూట్లకు పాలిష్, చివర్లో క్యాలిపర్. చెల్లెలు మంచం మీద కాలు చాపుకుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంది. నేను కీళ్లకు నూనె వేసి, ఒక్కో రివిట్ మీద బొటనవేలు పెట్టి కదిలిస్తాను. తర్వాత చిన్న సుత్తితో తట్టి వింటాను. గట్టిగా ఉన్నది ఠంగుమంటుంది, వదులైంది దగ్గినట్టు మోగుతుంది.

అలా ఒక శనివారం తట్టుకుంటూ వస్తుంటే తొడ పట్టీ దగ్గర నా వేలు ఆగిపోయింది. బకిల్‌ను పట్టి ఉంచే రివిట్ నాది కాదు.

దస్తూరీ పోల్చుకున్నట్టే మేము సుత్తి దెబ్బను పోల్చుకుంటాం. నేను కొట్టాక గుంట ఉన్న డై పెట్టి తలను గుండ్రంగా చేస్తాను, మా నాయన నేర్పింది అదే. ఈ తలకు డై తగల్లేదు. ఒక కొస గుండ్రంగా ఉండే బంతి సుత్తితో చుట్టూ చిన్న చిన్న దెబ్బలు వేసి దింపారు. వాషరు కూడా నా డబ్బాలోది కాదు, అంచు కాస్త పదునుగా ఉంది. అయస్కాంతం ఆనించాను. అతుక్కోలేదు, నిఖార్సైన రాగి. అది నాకు ఇంకా నచ్చలేదు. దొంగ సరుకైతే కనీసం తిట్టుకోవడానికైనా ఉండేది.

అంతకంటే నన్ను మండించింది ఇంకోటి ఉంది. పాత రంధ్రం తోలు ముక్కతో మూసేసి ఉంది. కొత్త రివిట్ దానికి వేలెడు కిందికి జరిగి ఉంది. బకిల్ కూడా దానితో పాటు కిందికి దిగింది. ఎవడో మా చెల్లెలి తొడ మీద పట్టీ ఎక్కడ ఉండాలో చూసి, కొలిచి, మార్చాడు.

నేను తలెత్తి చూశాను. ఆమె ఎర్ర పెన్నుతో ఎవరి లెక్కనో కొట్టేస్తోంది. ఏందన్నా గట్ల చూస్తున్నవ్ అంది. ఏం లేదన్నాను. అడగాలి కదా, నేను అడగలేదు. అడిగితే ఒక్క జవాబే వస్తుంది. కూపీ లాగితే నిజం వస్తుందని నా లెక్క.

ఆ వారమంతా కూపీ లాగాను. మోండా మార్కెట్‌లో సంచులు కుట్టేవాళ్ల దగ్గర నిలబడి వాళ్ల రివిట్లు చూశాను. వాళ్లంతా గన్ను పట్టేవాళ్లే, బంతి సుత్తి ఒక్కరి దగ్గరా లేదు. బడి పక్కన చెప్పులు కుట్టే ఆయన దగ్గర నా చెప్పుకు పట్టీ వేయించుకున్నాను, బాగానే ఉన్న చెప్పుకు. ఆయన మేకులు కొట్టాడు. చెల్లెలు ఇంటికి రాగానే ఆటో ఎటు నుంచి వచ్చిందో కిటికీలోంచి చూసేవాణ్ని. ఆమెకు తెలుసు. నన్ను సీఐడీ అని పిలవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ వారం చాయ్ ఇచ్చిన ప్రతిసారీ అలాగే పిలిచింది.

తర్వాతి శనివారాల్లో ఇంకా రివిట్లు మారాయి. పిక్క పట్టీది మారింది. ఆ తర్వాత తోలు పట్టీ ఇనుప కమ్మీకి కలిసేచోటు మారింది. అక్కడ రాగి వేయలేదు, ఇనుప రివిట్టే వేసి, చెమటకు తుప్పు పట్టకుండా తోలుకూ దానికీ మధ్య మైనం రాశారు. ఒంటికి తగిలే వైపు చదును తల, బయటి వైపు కొట్టిన తల. పనివాడు ఎవడోగానీ దేనికి ఏది వేయాలో తెలిసినవాడు. మొదటి రివిట్ తల కాస్త ఒక పక్కకు వాలి ఉంది. ఈ తలలు నిటారుగా కూర్చున్నాయి. చెయ్యి కుదురుతోంది వీడికి అని పళ్లు కొరుక్కున్నాను.

వీడు ఎవడన్నది కూడా అప్పటికి తేలిపోయింది, నా బుర్రలో. చెల్లెలు శనివారం మధ్యాహ్నాలు మౌలాలిలో ఆడపిల్లల హాస్టల్‌కు వెళ్లి లెక్కలు చెబుతుంది. అక్కడి రైల్వే కాలనీలోనే ఒకాయన ఉంటాడు, కార్ఖానాలో ఫిట్టరుగా రిటైరయ్యాడు, భార్య పోయింది. మా చర్చికే వస్తాడు. ఆరాధన అయ్యాక మెట్లు దిగేటప్పుడు మా చెల్లెలి పాటల పుస్తకం, సంచీ ఆయనే అందుకుంటాడు. వందనాలమ్మా అని ఆమెతో నవ్వుతూ అంటాడు, నాతో మాత్రం తల ఊపుతాడు. ఇంకేం కావాలి? ఇంత వయసొచ్చాక, మా చెల్లెలి పట్టీలు విప్పించి కూర్చోబెట్టి సుత్తి పట్టుకున్నాడా అనుకుంటే ఒళ్లు మండిపోయింది. దానికంటే ఎక్కువ మండింది, పని నా దగ్గర కాకుండా అతని దగ్గర చేయించుకుందే అని. అప్పుడు మాత్రం రెండూ విడదీసి చూసుకోలేదు.

ఒక పొద్దున కొట్టు మూసి మౌలాలి బయల్దేరాను. టిఫిన్ క్యారియర్ పిడి రివిట్ ఊడిందని, ఆయన సలహా కావాలని సాకు. నిజానికి ఆ రివిట్ నేనే తీసి జేబులో వేసుకున్నాను. ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోయాడు, లోపలికి పిలిచాడు, చాయ్ పెడతానని వంటగదిలోకి వెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే నేను వరండాలో ఉన్న బకెట్టు బోర్లించి పిడి రివిట్లు చూశాను. కూలర్ వెనక్కి వంగి చూశాను. కుక్కరు పిడి కూడా చూసేవాణ్ని గానీ అది వంటగదిలో ఉంది. అన్నీ గుండ్రటి తలలే, కార్ఖానా పద్ధతి. బంతి సుత్తి దెబ్బ ఒక్కటి లేదు. కావాలని మార్చి కొట్టి ఉంటాడని అనుకున్నాను.

ఆయన ట్రే పట్టుకుని వచ్చాడు. గ్లాసులు ఒకదానికొకటి తగిలి గణగణమంటున్నాయి. సగం చాయ్ ట్రేలోనే ఉంది. నేను బకెట్టు దగ్గర వంగి ఉండడం చూశాడు. ట్రే కింద పెట్టి రెండు చేతులూ నా ముందుకు చాపాడు. అవి వణుకుతున్నాయి.

"చూడు తమ్మీ," అన్నాడు. "గిలాస సుత ఆగుతలేదు ఈ చేతులల్ల. సుత్తె పట్టి చానా దినాలైంది. నువ్వు దేనికోసం వచ్చినవో నాకు తెల్వది గని, నీ మొకం చూస్తె అడగాల్సింది నన్ను కాదనిపిస్తుంది."

నేను ఆ చాయ్ తాగాను. సిగ్గుగానే ఉంది. కానీ ఆటోలో తిరిగి వస్తూ, ఆ వణుకు నిజమేనా అని ఒకసారి అనుకోకుండా ఉండలేకపోయాను. చెబుతున్నాను కదా, ఇది అంత తేలిగ్గా పోదు.

ఆ శనివారం ఇస్త్రీ, పాలిష్ అయ్యాక చెల్లెలు తానే క్యాలిపర్ విప్పి, గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చి నా బల్ల మీద పెట్టింది. మంచం దగ్గరికి పోలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. చేతిలో పేపర్లు లేవు.

గట్టిగా చూడమంది. నాకు తోచిన పరీక్షలన్నీ చేయమంది, ఒక్కటి కూడా వదలొద్దంది.

నేను వదల్లేదు. కమ్మీని బల్లకున్న వైస్‌లో బిగించి పట్టీని రెండు చేతులా గుంజాను. పట్టీకీ వాషరుకీ మధ్య పల్చటి రేకు దూరుతుందేమోనని చూశాను, దూరలేదు. ఒక్కో తల మీద బొటనవేలు ఆనించి తిప్పాను. తట్టి విన్నాను, అన్నీ ఠంగుమన్నాయి. మోకాలి కీలు ఆడించాను. నా చేతిలో ఎప్పుడూ కొంచెం బిరుసుగా ఉండే ఆ కీలు సాఫీగా మడుచుకుంది, లాక్ పడగానే కదలకుండా నిలిచింది. నా పని మీద కోపమొచ్చిందో, వాడి పని మీద వచ్చిందో తెలియదు గానీ, రివిట్ బాగుందా లేదా అన్న దాంట్లో అబద్ధం చెప్పడం మాత్రం నాకు చేతకాదు.

"ఎవరు కొట్టిన్రో గని పని సాఫ్ ఉంది," అన్నాను. "నేను కొట్టినా గింతనే వస్తది."

ఆమె స్టూలు ముందుకు జరుపుకుంది.

"నేనే కొట్టిన అన్నా," అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నేను సామాను కోసం రాణిగంజ్ పోయే సాయంత్రాల్లో ఈ బల్ల దగ్గరే కూర్చుని కొట్టిందట. మొదట పాత స్కూలు సంచుల మీద నేర్చుకుందట. రివిట్లు, వాషర్లు, బంతి సుత్తి మోండా మార్కెట్‌లో తానే బేరమాడి కొనుక్కుందట, నా డబ్బాలోంచి తీస్తే ఆ రోజే పట్టేస్తానని. చిన్నప్పుడు నాయన నాకు సుత్తి ఇచ్చి నేర్పుతుంటే కింద ఇనుప దిమ్మె జరగకుండా పట్టుకునేది ఆమే. అది నాకు గుర్తుంది. పట్టుకున్న మనిషి చూస్తూ కూడా ఉంటుందన్న సంగతి నాకు ఏనాడూ తట్టలేదు. అన్ని సుత్తి దెబ్బలు చూసి వాడు, వాడు అని తిరిగానే తప్ప, ఆ దెబ్బ ఆడమనిషిది కావచ్చని ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. ఊరందరినీ అనుమానించినవాణ్ని.

నాకు చెప్తే నేనే చేసేవాణ్ని కదా అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది.

"చెప్పిన అన్నా. ఒకసారి కాదు. పట్టీ కాడ నొస్తుందంటె వదులైందని ఇంకింత బిగించినవ్. అటెన్క చెప్పుడు బంద్ చేసిన."

ఆమె నా జవాబు కోసం ఆగలేదు, అసలు విషయంలోకి వచ్చింది. మౌలాలి హాస్టల్‌లో వార్డెన్‌గా ఉండమని అడుగుతున్నారట. గది అక్కడే ఇస్తారు, ఉండడం కూడా అక్కడే. బడికి అక్కడి నుంచే వెళ్లి వస్తుంది. వాళ్లకు ఇంకా జవాబు చెప్పలేదు. ఆ పిల్లలందరినీ చూసుకోవాల్సిన మనిషి, ఒక పట్టీ ఊడితే అన్న వచ్చేదాకా మంచం మీద కూర్చోవాల్సి వస్తే ఎలా అని ఆగింది. అందుకే సుత్తి పట్టింది. తన పని తాను చేసుకోగలనని తెలిస్తేనే వెళ్దామనుకుంది. తెలియడానికి ఒకటే దారి ఉందట, ఎవరు చేశారో తెలియకుండా నేను చూసి చెప్పడం. తెలిస్తే జాలిపడి బాగుందంటానో, పంపడం ఇష్టం లేక బాగాలేదంటానో అని ఆమెకు అనుమానం. అనుమానం మా ఇంట్లో నా ఒక్కడికే ఉందనుకున్నాను.

"ఇప్పుడు తెలిసింది గదా నేనని," అంది. "ఇంకోసారి చూడు. ఒక్కటన్న వదులుంటె చెప్పు. నేను పోను."

నేను మళ్లీ సుత్తి అందుకున్నాను. ఈసారి నిజంగా తప్పు దొరకాలని వెతికాను. ఆమె వెళ్లిపోతే ఈ ఇంట్లో పొద్దున ఎవరు మాట్లాడతారు, శనివారం సాయంత్రం నేను ఏం చేయాలి, ఇవన్నీ ఒకేసారి మీద పడ్డాయి. భయం వేసింది. ఆ మొదటి రివిట్, తల కాస్త వాలినది, దాని దగ్గర ఆగాను. ఇది ఆగదు అంటే చాలు. ఆమె నమ్ముతుంది. రాణిగంజ్ అంతా నన్ను చూసి నవ్వినా, రివిట్ విషయంలో నా మాటను ఆమె తిప్పి అడగదు. అందుకే కదా నా ముందు తెచ్చి పెట్టింది. తట్టాను. ఠంగుమంది. ఇంకోసారి తట్టాను.

ఒక్కటీ వదులు లేదని చెప్పాను.

ఆమె తల ఊపి క్యాలిపర్ అందుకుంది. స్టూలు మీదే కూర్చుని కమ్మీల మధ్య కాలు పెట్టుకుని, పిక్క పట్టీ వేసుకుని, తొడ పట్టీ బకిల్‌లోంచి లాగింది. ఆ పట్టీ బిగించుకునేటప్పుడు ఆమె కింది పెదవిని పంటి కింద నొక్కి పట్టుకుంటుంది, చిన్న పిల్లగా ఉన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అది ఆమె అలవాటనుకున్నాను. ఆ రోజు బకిల్ పెట్టుకుని, పెదవి కొరుక్కోకుండానే లేచి నిలబడింది.